ధ్యాన శిబిరానికి "కనీస దానం రూ.4,000" అంటున్నారు, ఇది దానమేనా?

గోదారిగట్టు
మాకు దగ్గర్లో కొత్తగా ఒక బౌద్ధ ధ్యాన కేంద్రం పెట్టారు. పేరు వద్దులెండి. వారం రోజుల శిబిరం అంటూ వాట్సాప్‌లో ఫారం వచ్చింది. పేరు, వయసు, మందులేమన్నా వాడుతున్నారా అన్నీ నింపుకుంటూ పోతే ఆఖర్న "దానం (కనీసం రూ.4,000)" అని ఒక గడి, పక్కన ఎర్ర చుక్క. అది కట్టందే ఫారం ముందుకి కదలదు. ఫోన్ చేస్తే "ఇది ఫీజు కాదండీ, దానమే. కాకపోతే కనీసం అంతుండాలి" అన్నారు. నేనైతే ఎలాగో కట్టేస్తాను. నాతో మా వదిన కూడా వస్తానంది. అంగన్‌వాడీలో ఆయా ఆవిడ. నాలుగు వేలంటే ఆవిడకి మాటలు కాదు. బౌద్ధంలో దానానికి కనీసం ఇంత అని ఎక్కడన్నా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మౌనవ్రతి
నాకు తెలిసింది విపశ్యన అనే బౌద్ధ ధ్యానం నేర్పే శిబిరాల సంగతి. నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మవిజయ, ఇలా ధ్యానాచార్యులు గోయెంకా గారి పద్ధతిలో నడిచేవాటిలో కొత్తవాళ్ల దగ్గర ముందుగా పైసా తీసుకోరు. ఇస్తానన్నా తీసుకోరు. శిబిరం పూర్తిచేసినవాళ్లే ఇవ్వాలి. మధ్యలో వెళ్లిపోయినవాళ్ల డబ్బు కూడా వద్దంటారు. నేర్పే ఆచార్యులకి జీతం లేదు, వంట చేసేవాళ్లలో, వడ్డించేవాళ్లలో చాలామంది ఇదివరకు శిబిరం చేసి సేవకి వచ్చినవాళ్లే. మనకంటే ముందు కూర్చున్నవాళ్లు ఇచ్చినదాంతో మనం తింటాం. మేలు జరిగిందనిపిస్తే వెనక వచ్చేవాళ్ల కోసం ఇస్తాం. ఎవరి ఖర్చు వాళ్లే కట్టుకుంటే ఇంక హోటల్ గదికీ దీనికీ తేడా ఏముంది?

శిబిరం ఆఖర్న మౌనం విడిచాక ఒక బల్ల వేస్తారు. రసీదు పుస్తకంతో ఒకరిద్దరు కూర్చుంటారు. ఓసారి నా ముందు ఒక పెద్దాయన పంచె రొంటిన దోపుకున్న యాభై నోటు తీశాడు. ఎనిమిది మడతలు పెట్టుంది. బల్ల దగ్గరున్నాయన ఆ నోటు విప్పి సాపు చేసి, పేరు, ఇంటిపేరు, ఊరు, మండలం అడిగి మరీ రసీదు రాసిచ్చాడు. నా వెనకాయన చెక్కు ఇచ్చాడు. ఆయనకీ అదే పుస్తకం, అదే రసీదు, అదే నమస్కారం.

సిక్కోలు_చిన్నది
ఇండియాలో 1969 నుంచీ ఇదే పద్ధతిలో నడుస్తోందంటే జనం ఇస్తున్నట్టే కదా. కనీసం పెట్టకపోతే మూతపడతాయనేది భయం మాత్రమే.

ఓరుగల్లు_అన్న
అక్కా, అది పెద్ద సంస్థ. దేశమంతా పాత విద్యార్థులున్నరు. మా అసొంటి చిన్న విహారం సంగతి జెప్త వినుండ్రి. ఆదివారం ధ్యానానికి వస్తరు, పొద్దంత ఉంటరు, తింటరు, బయటికొచ్చి చెప్పులేసుకుంట హుండీ దిక్కు సూడకుండ పోతరు. కరెంటు బిల్లు మాత్రం నెలనెల ఆగకుండ వస్తది. మా భిక్షువు భంతేజీకి జరమొస్తె ఆటోకు పైసలు నేనే పెట్టుకున్న. "మీకు తోచింది ఇయ్యుండ్రి" అంటె మనోళ్లకు పది రూపాయలే తోస్తది. గా కేంద్రమోళ్లు నాలుగు వేలు అన్నరంటె ఏ అప్పు మీదున్నరో ఏమో. ఉట్టిగనే తిట్టకుండ్రి.

గోదారిగట్టు
@ఓరుగల్లు_అన్న నేను తిట్టలేదన్నా. ఖర్చులుంటాయని నాకూ తెలుసు. ఫీజు అని రాసుంటే ఈ పోస్టే పెట్టేవాడిని కాదు. తప్పనిసరి అంటూనే దానమూ అంటే ఎలా అన్నదే నా బాధ.

బ్యాంకాక్‌బస్తీ
ఇక్కడ థాయిలాండ్‌లో కథ వేరేలా ఉంటుంది. తెల్లారి ఆరింటికి మా వీధి మలుపులో భిక్షువులు వరసగా వస్తారు. నోరు తెరిచి అడగరు, ఇంటి ముందు ఎదురుచూస్తూ నిలబడరు. ఇవ్వాలనుకున్నవాళ్లు ముందే చెప్పులు విడిచి నిలబడి ఉంటారు. మా ఎదురింటావిడ రోజూ అన్నం వేడివేడిగా గరిటెతో పాత్రలో వేస్తుంది. కూరలు చిన్న ప్లాస్టిక్ సంచుల్లో, పైన రబ్బరు బ్యాండు. వేశాక మోకాళ్ల మీద కూర్చుంటే భిక్షువు ఆశీర్వాదం పాలీలో చదివి పోతాడు. థాంక్స్ చెప్పడు. మొదట్లో నాకిది వింతగా ఉండేది. ఇచ్చినామెకే ఆ అవకాశం దొరికిందన్నట్టు ఉంటుంది ఆమె మొహం.

ఇంకో పక్క కూడా చెప్తాను. ఇక్కడ పసుపు రంగు బకెట్లు అమ్ముతారు, భిక్షువులకిచ్చే సంఘదానం బకెట్లు. సబ్బు, టూత్‌పేస్టు, చిన్న తువ్వాలు, బిస్కెట్లు పేర్చి పైన ప్లాస్టిక్ కాగితం చుడతారు. పైకి నిండుగా కనిపించాలని అడుగున కాగితాలు కుక్కిన బకెట్లుంటాయి. డేటు దాటిన సరుకు పెట్టినవీ ఉంటాయి. మా ఆవిడ ఇప్పుడు బకెట్ కొనడం మానేసి, ఆశ్రమానికి వెళ్లి "ఏం కావాలి" అని అక్కడి ఉపాసకుల్నే, అంటే గృహస్థ భక్తుల్నే అడుగుతుంది. కిందటిసారి వాళ్లు అడిగింది దోమల మందు, బ్లేడ్లు.

కంచుమేళం
బకెట్ల సంగతి అచ్చం మన పెళ్లిళ్లలో తిరిగే జాకెట్టు ముక్కల్లా ఉంది. ఒకరింట్లోంచి ఇంకొకరింట్లోకి!

అర్ధరాత్రి_చదువరి
గోదారిగట్టు గారి ప్రశ్నకి వినయపిటకంలో, అంటే భిక్షువుల నియమాల గ్రంథంలో, నేరుగా పనికొచ్చే కథలున్నాయి. కాస్త పొడుగవుతుంది.

ఆళవి అనే ఊళ్లో భిక్షువులు సొంతానికి కుటీరాలు కట్టుకోవడం మొదలెట్టారు. దానికి హద్దు లేదు. ఎద్దునివ్వు, బండినివ్వు, గొడ్డలినివ్వు, మనిషినివ్వు, గడ్డినివ్వు అంటూ ఊరిమీద పడ్డారు. చివరికి జనానికి ఎంత విసుగొచ్చిందంటే, భిక్షువు కనిపిస్తే సందులోకి తప్పుకునేవారు, మొహం తిప్పుకునేవారు, తలుపేసుకునేవారు. ఆవు కనిపించినా భిక్షువే అనుకుని పరిగెత్తేవారట. బుద్ధుడు అక్కడికొచ్చి మందలించి, కుటీరం కొలత ఇంతకు మించకూడదని నియమం పెట్టాడు. ఆ సందర్భంలోనే మణికంఠుడనే నాగరాజు కథ చెప్పాడు. నాగరాజు రోజూ ఒక తాపసి దగ్గరికి స్నేహంగా వస్తుంటాడు. తాపసికి నాగుపాముని చూస్తే భయం, రాకుండా ఉంటే బాగుండనుకుంటాడు. మెడలో మణి ఇమ్మని అడుగుతాడు. మూడోసారి అడిగాక నాగరాజు మళ్లీ రాలేదు. పాము కూడా అడిగేవాణ్ని భరించలేదు, మనుషుల సంగతి చెప్పాలా అని.

కంచుమేళం
ఆవుని చూసి పరిగెత్తడం 😂 మా అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితి ముందు చందా పుస్తకం కనబడితే సరిగ్గా ఇలాగే ఉంటుంది. లిఫ్ట్ ఎవరూ ఎక్కరు.

ఓరుగల్లు_అన్న
కథ మంచిగున్నది మాస్టారూ. మరి అసలు అడుగుడే తప్పా? అడగకుంటె ఎవలికి ఎర్కయితది?

అర్ధరాత్రి_చదువరి
తప్పు కాదన్నా, దానికీ కొలత ఉంది. ఎవరన్నా దాత భిక్షువుకి చీవరం (భిక్షువు కట్టే బట్ట) కోసమని డబ్బు ఒక గృహస్థు దగ్గర పెట్టాడనుకోండి. భిక్షువు ఆ డబ్బు ముట్టుకోకూడదు. ఆ గృహస్థుని "నాకు చీవరం కావాలి" అని మూడుసార్లు అడగొచ్చు. అప్పటికీ రాకపోతే ఆరుసార్ల దాకా వెళ్లి మాట్లాడకుండా నిలబడొచ్చు. అంతకు మించి వెంటపడి తెచ్చుకుంటే దోషం, ఆ చీవరం వదులుకోవాలి. ఊరికే వదిలెయ్యమని కూడా లేదు. డబ్బిచ్చిన దాతకి "నువ్విచ్చింది నాకు అందలేదు, నీ డబ్బు నువ్వు తెచ్చుకో" అని కబురు పంపాలి. దాత నష్టపోకూడదని!

అసలు మీ వదినగారి విషయానికి దగ్గరగా వచ్చేవి ఇంకో రెండున్నాయి. కాణ అనే అమ్మాయి పుట్టింటికి వచ్చింది. అత్తారింటికి ఉత్తచేతులతో పంపడమెలా అని తల్లి అప్పాలు వండింది. భిక్షువు వచ్చాడు, పెట్టింది. అతను బయటికెళ్లి ఇంకొకరికి చెప్పాడు, ఆయనొచ్చాడు, ఆయన మరొకరికి. అప్పాలన్నీ అయిపోయాయి. మళ్లీ వండింది, మళ్లీ అదే. మొగుడు కబురు మీద కబురు పంపి చివరికి ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ పిల్ల ఏడుపు విన్నాక పెట్టిన నియమమే, అలాంటి ఇంట్లో రెండు మూడు పాత్రలకి మించి తీసుకోకూడదు, తీసుకున్నది మిగతా భిక్షువులతో పంచుకోవాలి అన్నది.

రెండోది ఇంకా గొప్పది. శ్రద్ధ పెరుగుతూ ఆస్తి తరిగిపోతున్న కుటుంబాలుంటాయి, తాము పస్తుండి మరీ పెట్టేవాళ్లు. అలాంటి ఇంటిని భిక్షుసంఘం కూర్చుని ప్రత్యేకంగా ప్రకటించాలి. ఆ తర్వాత జబ్బు చేస్తే తప్ప, వాళ్లు పిలిస్తే తప్ప, ఏ భిక్షువూ ఆ ఇంటి అన్నం తీసుకోకూడదు. ఇచ్చేవాడి ఇల్లు గుల్ల కాకుండా చూడటం తీసుకునేవాడి పని అన్నమాట. ఎర్ర చుక్క పెట్టిన కేంద్రంవాళ్లకి ఈ ఒక్క నియమం తెలిసుంటే మీ వదినగారిని ఫారం దగ్గర ఆపేవారు కాదు.

సిక్కోలు_చిన్నది
ఇది నాకు అస్సలు తెలీదు. దానం గురించి ఉపన్యాసాల్లో ఇచ్చేవాడి పుణ్యం గురించే చెప్తారు, తీసుకునేవాళ్ల హద్దుల గురించి ఎవరూ చెప్పరు.

నీలిజెండా
ఒక మాట. "బౌద్ధంలో లెక్క ఉండదు" అని తేల్చేయకండి. బాబాసాహెబ్ అంబేద్కర్ 1956 అక్టోబర్ 15న నాగ్‌పూర్ ప్రసంగంలో, ధమ్మం (బుద్ధుడి బోధ) పని కోసం ప్రతి ఒక్కరూ సంపాదనలో కనీసం ఇరవయ్యో వంతు ఇవ్వాలని నిశ్చయించుకోవాలన్నారు. ముందురోజు బౌద్ధ దీక్ష తీసుకున్న లక్షలాది మందిలో ఎక్కువమంది కూలినాలి చేసుకునేవాళ్లే. వాళ్లనే అడిగారాయన. ఎందుకంటే మనకి రాజులు లేరు, సేఠ్‌లు లేరు. మన విహారం మనమే కట్టుకోవాలి. మా నాన్న మేస్త్రీ పని చేసేవారు. శనివారం కూలి చేతికి రాగానే ఇరవయ్యో వంతు తీసి గూట్లో బోర్నవీటా డబ్బాలో వేసేవారు. మా ఊరి విహారానికి స్లాబు పడింది అలాంటి డబ్బాలతోనే. నా మటుకు నాకు కనీసం అన్నమాట తప్పు కాదు.

మౌనవ్రతి
@నీలిజెండా మీ నాన్నగారికి దండం. కానీ తేడా గమనించండి. ఇరవయ్యో వంతు అంటే వంద సంపాదించేవాడికి ఐదు, లక్ష సంపాదించేవాడికి ఐదువేలు. పైగా ఎవరికి వారు నిశ్చయించుకోవాలన్నారు. ఇవ్వకపోతే విహారంలోకి రానివ్వం అనలేదు.

నీలిజెండా
సరే, ఆ తేడా ఒప్పుకుంటాను. అందరికీ ఒకే 4,000 అంటే లేనివాడి మీదే బరువు. కానీ "మనసుకి తోచినంత" అని వదిలేస్తే ఓరుగల్లు అన్న చెప్పినట్టే అవుతుంది. ఇవ్వడం అలవాటు చేయాలి. మా పిల్లలకి నేను చేయిస్తున్నాను.

బర్మాకాలనీ
మా తాతగారివాళ్లు రంగూన్ నుంచి విశాఖ వచ్చినవాళ్లు. మా నాయనమ్మ అక్కడి సంగతులు చెప్తూ ఉండేది. బర్మాలో రోడ్ల పక్కన చిన్న పందిరి కట్టి, మంచినీళ్ల కుండలు, పైన మూత, మూత మీద లోటా పెడతారు. ఎవరు నింపుతారో దాహమైనవాడికి తెలీదు. పండగలకి వీధిలో వచ్చినవాడికల్లా భోజనం పెట్టే విందులుంటాయి. ఏ దేశంలో జనం ఎంత దానం చేస్తారో లెక్కగట్టే ప్రపంచ దాన సూచీలో 2014లో అమెరికాతో కలిసి, ఆ తర్వాత 2017 దాకా వరసగా బర్మాయే మొదటి స్థానం. అంత పేద దేశం! అలవాటు అన్నారే నీలిజెండా గారు, అదే అసలు సంగతి.

గోదారిగట్టు
ఇంకో సందేహం. ఆ కేంద్రంలో 25 వేలు ఇస్తే గోడమీద పాలరాతి పలక మీద పేరు చెక్కిస్తారట. ఇదైనా బౌద్ధమేనా?

కంచుమేళం
గుళ్లో ట్యూబ్‌లైటు మీద దాత పేరు రాసీ రాసీ వెలుతురు రాకుండా చేస్తారు కదా, ఆ జబ్బు ఇక్కడికీ వచ్చిందా 😀

సున్నపురాయి
నవ్వకండి, పేర్లు చెక్కడం మన దగ్గర రెండు వేల ఏళ్లనాటిది! అమరావతి స్తూపం రాళ్లు చూడండి, పల్నాటి సున్నపురాతి మీద బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లే. నాకు అన్నింటికన్నా ఇష్టమైనది విధికుడి శాసనం. అతను చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు నాగుడు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులు, అందరితో కలిసి ఒక పూర్ణఘటం (నిండు కలశం) చెక్కిన పలక ఇచ్చాడు. ఒక చెప్పులు కుట్టే మనిషి ఇంటిల్లిపాదీ మహాచైత్యం, అంటే ఆ పెద్ద స్తూపం మీద రాతిలో నిలబడ్డారు. ఆ రోజుల్లో అతని పేరు ఇంకెక్కడ రాసేవారు? భిక్షుణులు కూడా ఇచ్చారు, వాళ్ల పేర్లూ ఉన్నాయి.

నాగార్జునకొండకి వస్తే ఇక్ష్వాకు రాజులకంటే వాళ్లింటి ఆడవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టింది, మేనల్లుడు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో. బోధిసిరి అని ఒక ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. రాణీ కాదు, రాజకుమారీ కాదు. ఈ పేర్లు చెక్కి ఉండకపోతే మనకి ఒక్కరూ తెలిసేవారు కాదు.

మౌనవ్రతి
కానీ విధికుడి పలకకీ 25 వేల పలకకీ పోలికేంటి సార్? అక్కడ చర్మకారుడి పేరూ చాంతిసిరి పేరూ రెండూ రాతిమీదున్నాయి. ఇక్కడ 25 వేల కింద ఎంతిచ్చినా పేరుండదు. యాభై రూపాయల పెద్దాయన పేరు ఏ గోడమీద ఉంటుంది?

సున్నపురాయి
ఆ మాట నిజం. చిన్న దాతని మినహాయించే గోడ అమరావతి సంప్రదాయం కాదు. పేరు చెక్కడం తప్పు కాదని చెప్పానంతే, రేటు పెట్టడాన్ని సమర్థించలేదు.

లెక్కలపుస్తకం
ఒక విహారానికి లెక్కలు రాసిపెడుతుంటాను కాబట్టి డబ్బు మాట నేను మాట్లాడతాను. మనవాళ్లు దానం అనగానే హుండీ ఒక్కటే ఆలోచిస్తారు. ఉషవదాతుడని శక రాజు నహపాణుడి అల్లుడు. నాసిక్ గుహలో అతని శాసనం ఉంది. మూడు వేల కార్షాపణాలు (అప్పటి నాణేలు) సంఘానికి మూలధనంగా ఇచ్చి, తిరిగి తీసుకోకూడదన్న షరతుతో గోవర్ధనంలోని నేతగాళ్ల శ్రేణుల (వృత్తి సంఘాల) దగ్గర వడ్డీకి పెట్టాడు. రెండు వేలు నూటికి నెలకి ఒకటి వడ్డీ, వెయ్యి నూటికి ముప్పావు వడ్డీ. లెక్క చూడండి. రెండు వేల మీద నెలకి 20, ఏడాదికి 240. వర్షావాసంలో, అంటే వానాకాలం ఒకేచోట ఉండే రోజుల్లో, ఆ గుహలో ఉండే 20 మంది భిక్షువులకి తలా 12 చొప్పున చీవరం ఖర్చు. సరిగ్గా సరిపోయింది! వెయ్యి మీద వచ్చేది ఇతర ఖర్చులకి. అసలు కదలదు, వడ్డీ ఏటా బట్ట అవుతుంది. దీన్ని అక్షయనీవి అనేవారు. ఇంత వివరం రాతిమీద ఎందుకు చెక్కారు? ఎవరైనా వచ్చి చదువుకుని లెక్క అడగొచ్చని.

ఓరుగల్లు అన్నా, నీ బాధ నాకు తెలుసు. కనీసం పెట్టొద్దు. ఖర్చు చెప్పు. మా విహారంలో గుమ్మం పక్కన నల్లబోర్డు పెట్టించాను. నెలకి కరెంటు ఇంత, బియ్యం ఇంత, భంతేల మందులు ఇంత, వచ్చింది ఇంత, తక్కువ పడింది ఇంత. సుద్దముక్కతో రాయడమే. అంతకుముందు కొరత పడితే కమిటీవాళ్లమే జేబులు తడుముకునేవాళ్లం. బోర్డు పెట్టాక ఎవరో ఒకరు బియ్యం బస్తా దించి పోతున్నారు. ఒక పిల్లాడు కరెంటు బిల్లు నంబరు ఫొటో తీసుకుని నెలనెలా తనే ఫోన్‌లో కట్టేస్తున్నాడు. ఖర్చు చెప్పడం వేరు, ధర పెట్టడం వేరు. ఇంకోటి, దానాలకి ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న సంస్థ అయితే రెండు వేలు దాటిన నగదుకి ఆ మినహాయింపు రాదు, ఆన్‌లైన్‌లోనో చెక్కుతోనో ఇమ్మని చెప్పు.

ఓరుగల్లు_అన్న
నల్లబోర్డు ముచ్చట మస్తుగ నచ్చింది. ఈ ఆదివారమే పెడ్త. ఫొటో పంపు అన్నా, ఏమేం రాస్తరో సూస్త.

సిక్కోలు_చిన్నది
డబ్బు లేనివాళ్లు సేవ చేస్తే దానం కిందే లెక్క కదా? గోదారిగట్టు గారూ, మీ వదినకి వంట వచ్చు కదా?

గోదారిగట్టు
వంట వచ్చా ఏంటండీ, రోజూ పిల్లలకి వండి పెట్టేది ఆవిడే. కానీ ఆవిడ వంట చేయడానికి కాదు, కూర్చోడానికి వెళ్దామనుకుంటోంది. ఏళ్ల తరబడి అందరికీ వండుతూనే ఉంది, ఒక్క వారం ఎవరైనా ఆవిడకి వండి పెట్టనివ్వండి.

మౌనవ్రతి
బాగా చెప్పారు. లేనివాళ్లనగానే వంటింట్లోకి పంపడం మనకి అలవాటైపోయింది. ఆవిణ్ని విజయరాయి పంపండి. ఫారంలో డబ్బు గడే ఉండదు. ఆడవాళ్లకి విడిగా ఉండే చోటు, విడిగా నడిచే దారి. ఇవ్వాలనిపిస్తే ఆఖరి రోజు ఇస్తుంది, లేకపోతే లేదు. ఎవరూ మొహం చూడరు. అంగన్‌వాడీలో సెలవు చూసుకోమనండి, పది రోజులంటే రానూపోనూ కలిపి పన్నెండు పడుతుంది.

గోదారిగట్టు
ఇప్పుడే వదినతో మాట్లాడాను, వేసవి సెలవులకి వెళ్తానంది. నేను ఆ కేంద్రంవాళ్లకి ఉత్తరం రాస్తున్నాను. కనీసం తీసేసి, శిబిరానికి తలా ఎంత ఖర్చవుతుందో రాయమని అడుగుతాను. లెక్కలపుస్తకం గారి మాట అందులో వాడుకుంటున్నాను.

సిక్కోలు_చిన్నది
చర్చని కాస్త పక్కకి లాగుతున్నా, ఏమనుకోవద్దు. వచ్చే నెల మా అమ్మ సంవత్సరీకం. ఈసారి భిక్షువులకి భోజనం పెడదామని మా తమ్ముడూ నేనూ అనుకున్నాం. నలుగురు వస్తామన్నారు. ఏమేం చూసుకోవాలి?

అర్ధరాత్రి_చదువరి
తిథి వారం కంటే టైము ముఖ్యం. సూర్యుడు నడినెత్తికి వచ్చేలోపు వాళ్ల భోజనం ముగియాలి. పదకొండుకల్లా విస్తరి ముందుంటే హడావిడి ఉండదు. దూరం నుంచి వస్తుంటే దారిలో ట్రాఫిక్ కూడా లెక్క వేసుకోండి. ప్రతి గిన్నే రెండు చేతులతో అందించాలి. అందించనిది వాళ్లు ముట్టరు, మంచినీళ్లు తప్ప. పచ్చి బియ్యం, డబ్బు చేతికివ్వకండి, విహారంలో చూసుకునే గృహస్థుకి ఇవ్వండి. వంటకాల పట్టీ పెద్దది అక్కర్లేదు, మీ అమ్మగారికి ఇష్టమైనవి రెండు చేయండి చాలు.

బ్యాంకాక్‌బస్తీ
"ఏం కావాలో చెప్పండి, మందులు, చెప్పులు, కళ్లజోడు ఏదైనా సరే" అని నోరారా పిలిచి చెప్పండమ్మా. పిలిచి చెప్తే తప్ప వాళ్లు అడగలేరు. మా దగ్గర ఒక పెద్ద భిక్షువు విరిగిన కళ్లజోడుకి దారం కట్టుకుని తిరుగుతుంటే ఎవరో అలా అడిగాకే కొత్తది వచ్చింది.

సిక్కోలు_చిన్నది
అమ్మకి వంకాయ కూర, ములక్కాడల పులుసు ఇష్టం. అవే చేస్తాం. భోజనమయ్యాక సాయంత్రం దాకా ఉండి ధమ్మం చెప్తామన్నారు. మధ్యాహ్నం తర్వాత ఏమీ తీసుకోరా? మా ఊళ్లో ఎండ మామూలుగా ఉండదు.

అర్ధరాత్రి_చదువరి
వడకట్టిన పళ్ల రసం ఇవ్వొచ్చు. బెల్లం నీళ్లు కూడా ఇవ్వొచ్చు. జబ్బు చేసినవాళ్లకి బెల్లం, బాగున్నవాళ్లకి బెల్లం నీళ్లు అని వినయంలోనే అనుమతి ఉంది. మిరియాలు, యాలకులూ మందు కిందే లెక్క. అంటే మన పానకం భేషుగ్గా పనికొస్తుంది.

ఓరుగల్లు_అన్న
బెల్లం నల్లది దెస్తె ఇంక మంచిగుంటది చెల్లే. కొత్త కుండల పొయ్యి, తడిబట్ట సుట్టుండ్రి.